బడి నడవడి : ఒజ్జలకు వలయు శిక్షణము

తెలుగున 'శిక్ష' యను పదమునకు పట్టిన గతి విచారింపదగినది. సంస్కృతమున 'శక్' ధాతువునకు సన్నంతరూపము 'శిక్ష్'. శక్తుడు కావలెనను కోరిక దాని మూలార్థము; దానినుండి నేర్చుట, నేర్పుట యను నర్థము లేర్పడినవి. వేదాంగములలో నొకటి శిక్ష. తైత్తిరీయోపనిషత్తున మొదటి వల్లికి శీక్షావల్లి యని పేరు. ఇట్టి పదము తెలుగు వాడుకలోనికి వచ్చి దండనార్థమున స్థిరపడినది. 'వానికి శిక్ష పడినది' యన్నచో ఎవడో చదువు నేర్చినాడని యే తెలుగువాడును అనుకొనడు. హిందీలో 'శిక్షా' నేటికిని చదువే. మన పొరుగుననున్న కన్నడమున మాత్రము 'శిక్షె' మనకువలెనే దండనము. చదువునకు మనము 'శిక్షణ' యను వేఱొక రూపమును ప్రత్యేకించుకొంటిమి. సంస్కృత పదములతో ఆగక, 'బుద్ధి చెప్పుట', 'గుణపాఠము నేర్పుట' మొదలైన పలుకుబళ్ళనుగూడ దండనకే యప్పగించితిమి. బోధనకును బాధనకును నడుమనున్న గీతను మన భాష యింత సులువుగా చెఱిపివేయుటకు కారణము మన బడులలోనే యుండవలెను.

ఈ పదజాలములోనే వేఱొక దారియు గలదు. 'వినయము' అనగా నేడు అణకువ. మూలమున నది 'నీ' ధాతువునుండి పుట్టినది. 'నీ' యనగా కొనిపోవుట, నడుపుట. విశేషముగా నడుపుట వినయము. అట్లు నడుపబడదగినవాడు వినేయుడు, అనగా శిష్యుడు. 'నాయకుడు' అను పదమును ఆ ధాతువునుండియే వచ్చినది. అచ్చ తెనుగునను ఈ సంబంధమే కాననగును. నడచు తీరు నడవడి. నడచునట్లు చేయుట నడుపుట. 'ఆయన బడి నడుపుచున్నాడు' అని మనము తఱచుగా ననుచుందుము గాని, నడుపుటకును నడవడికిని గల చుట్టఱికమును తలపోయము. జీతముల పట్టీ వ్రాయుట, మధ్యాహ్నభోజనపు బియ్యము లెక్క చూచుట, పైయధికారులకు నివేదికలు పంపుట - వీనినే నడుపుట యనుకొనుచున్నాము.

బడియందలి నడవడిని నడుపుట యను పని యొకటి వేఱుగా కలదా? ఉన్నచో దానిని ఉపాధ్యాయునకు నేర్పవచ్చునా? నేర్పవలసినచో ఏమి నేర్పవలెను? ఇదియే ఈ వ్యాసమున విచార్యాంశము. విచారణకు కర్నూలు జిల్లా పడమటి భాగమును, అనగా ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతమును తీసికొనుచున్నాను. మాధవరము ఈ ప్రాంతపు టంచున, మంత్రాలయ మండలమున, ఎమ్మిగనూరునుండి రాయచూరునకు పోవు దారిలోనున్నది. తుంగభద్ర దాటినచో కర్ణాటకము. ఈ సీమనే యెంచుకొనుటకు రెండు కారణములు గలవు. రెండువందల యేండ్లకు పూర్వము ఇచ్చటి బడులలో పిల్లల నెట్లు అదుపులోనుంచెడివారో తెలుపు వ్రాతసాక్ష్యము దొరకుట మొదటిది. ఆ సాక్ష్యమున కనబడు చిక్కు వేఱొక రూపమున నేటికిని ఇచ్చట మిగిలియుండుట రెండవది.

1800వ సంవత్సరమున నిజాము ఆంగ్లేయుల కిచ్చిన సీమలో ఆదవాని యొకటి. ఆ దత్తమండలములకు సర్ థామస్ మన్రో 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండెను. మండలములు రెండు జిల్లాలైన పిమ్మట ఆదవాని బళ్ళారిలో చేరి, 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడునప్పుడు ఆలూరు, రాయదుర్గము తాలూకాలతోపాటు ఆంధ్రమునకు వచ్చినది. మన్రో గవర్నరైన తరువాత 1822లో రాజధానియందంతటను బడు లెన్ని, పిల్ల లెందఱు, ఏమి చదువుచున్నారు అని కలెక్టర్ల నందఱ నడిగెను. పెక్కుమంది అంకెలపట్టికలు పంపి ఊరకుండిరి. బళ్ళారి కలెక్టరు ఏ.డీ.క్యాంబెల్ మాత్రము 1823 ఆగస్టు 17వ తేదీన దీర్ఘమైన నివేదిక వ్రాసెను. 1816లో ఆంగ్లమున తెలుగు వ్యాకరణమును ప్రకటించిన క్యాంబెల్ ఈతడే. భాష నెఱిగినవాడు గనుక బడి యరుగుదాక పోయి చూచినట్లు వ్రాయగలిగెను. 1983లో ధర్మపాల్ తన గ్రంథమున ఈ నివేదికల నన్నిటిని అచ్చువేయుటచే అవి నేడు ఎల్లరకు నందుబాటులోనున్నవి.

క్యాంబెల్ లెక్కప్రకారము నాటి బళ్ళారి జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. చదువుకొను పిల్లలు 6,641. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. తక్కినవి మరాఠీ, పారసీకాది భాషలవి. తెలుగు కన్నడముల సంఖ్యలు ఇంచుమించు సమానముగా నుండుట గమనింపదగినది. ఈ విషయమును మరల ప్రస్తావింతును.

ఆ బడి దినచర్య యిట్టిది. ఉదయము ఆఱు గంటలకు బడి తెఱతురు. మొదట వచ్చిన పిల్లవాని యరచేత సరస్వతి పేరు వ్రాయుదురు, అది గౌరవము. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ. నాలుగవవానికి రెండు. అటుపిమ్మట వచ్చిన ప్రతివానికి నొక్కొక్కటి యెక్కువ. తెలుగునాట వృద్ధులు 'శ్రీ', 'చుక్క' యని చెప్పుకొను వీథిబడి యాచార మిదియే. సోమరియైన పిల్లవానిని కొట్టుట, రెండు చేతులు కట్టి యింటికప్పునకు వ్రేలాడదీయుట, ఎడతెగక కూర్చుండి లేచునట్లు చేయుట మొదలగు దండనములనుగూడ క్యాంబెల్ పేర్కొనెను. వ్రేలాడదీయుటకు తెలుగున 'కోదండము' అని పేరు; కూర్చుండి లేచుటకు 'గుంజీళ్ళు'. రాముని వింటిపేరు పసిపిల్లల చేతులకు కట్టు త్రాటికి వచ్చుట మన భాషాచరిత్రలో మెచ్చదగిన ఘట్టము కాదు.

అరచేతి లెక్కను కొంచెము నిదానించి చూడవలెను. 6,641 మంది పిల్లలను 533 బడులకు పంచినచో బడికి పండ్రెండుగురు మాత్రమే వత్తురు. పండ్రెండుగురున్న బడిలో చివర వచ్చినవానికి పది దెబ్బలు. బడి మొత్తమున ప్రతిదినము ఏబదియైదు. ఇందు చిత్రమేమనగా, పండ్రెండుగురును తెల్లవారకముందే వచ్చినను దెబ్బలు తగ్గవు. ఎవడో యొకడు చివరివాడు కాక తప్పదు గదా. ఇది ఆలస్యమునకు శిక్ష కాదు, వరుసకు శిక్ష. గంట కొట్టకముందు రావలెనను నియమమున అందఱును గెలువవచ్చును. ఒకనికంటె నొకడు ముందు రావలెనను నియమమున ప్రతిదినము పదుగు రోడవలసినదే. ఇల్లు దూరమైనవాడు, ఉదయము పశువులను తోలి రావలసినవాడు, తల్లి కూలికి పోగా చెల్లెలి నెత్తుకొనవలసినవాడు - వీరు ప్రతిదినము నోడుదురు. శిక్షవలన మాన్పదగిన దేదియు లేనిచోట శిక్ష యుండుట ఈ యాచారము లక్షణము. క్యాంబెల్ ఈ పద్ధతి కఠినమనెనేకాని యింతదూరము లెక్కింపలేదు.

అయినను ఆ బడిని కేవలము హింసాగృహముగా చూచుట న్యాయము కాదు. అందొక క్రమ మున్నది; ఆ క్రమము ఒజ్జకును పిల్లలకును తల్లిదండ్రులకును తెలిసినది. అయిదవయేట బడిలో వేయునప్పుడు ఒజ్జయు బడిపిల్లలందఱును ఆ బాలుని యింటికి పోవుదురు. గణపతి విగ్రహము చుట్టును కూర్చుందురు. ఒజ్జ బాలునిచేత ప్రార్థన చెప్పించి, వాని వ్రేలు పట్టుకొని బియ్యములో వ్రాయించును. ఈనాటి ప్రవేశపత్రము పూరించుటకును దీనికిని ఎంత భేదము! ఇచ్చట బడి యింటికి వచ్చి పిల్లవానిని పిలుచుకొని పోవుచున్నది. పాతపిల్లలు క్రొత్తవానిని తమలో చేర్చుకొనుచున్నారు. పిల్లలను నాలుగు తరగతులుగా విభజించి, క్రిందివారికి పైవారు చెప్పునట్లు చేయు పద్ధతినిగూడ క్యాంబెల్ మిక్కిలి మెచ్చుకొని, ఇంగ్లండు దీని ననుకరించుట తగియే యున్నదని వ్రాసెను. అండ్రూ బెల్ మద్రాసులోని ఎగ్మూరు అనాథశాలలో దీనిని ప్రయోగించి 1797లో లండనున పుస్తకము ప్రకటించెను. 'మద్రాసు పద్ధతి' యని అది యూరపునందు ప్రసిద్ధమైనది. బడిక్రమమును గూర్చిన విద్యలో మన మొకప్పుడు ఇచ్చినవారమేగాని పుచ్చుకొన్నవారము మాత్రమే కాము.

పెద్ద పిల్లలచేత చిన్నవారిని నడిపించుటలో నొక ప్రమాదమును గలదు. బడి సంస్కృతిని నిజముగా నడుపువాడెవడు? భాగవత సప్తమస్కంధమున చండామార్కులు ప్రహ్లాదునికి నీతిశాస్త్రము చెప్పిరి, బెదరించిరి, రాజునకు విన్నవించుకొనిరి. వారు గృహకృత్యములపై పోయినవేళ దైత్యబాలకులు ప్రహ్లాదుని చుట్టును చేరిరి. అతడు వారికి వేఱొక చదువు చెప్పెను. కొంతకాలమునకు బడి యంతయు ప్రహ్లాదుని బడి యైనది. భక్తిపరముగా నీ కథకు గల యర్థ మటుండనిండు. ఉపాధ్యాయులు లేని గడియలోనే బడి స్వభావ మేర్పడునని తెలిసికొనుట కింతకంటె మంచి యుదాహరణము మన సాహిత్యమున లేదు. అక్కడ నాయకుడు ప్రహ్లాదుడు గనుక మేలైనది. ఏ బడియందైనను ఆ స్థానము ఖాళీగానుండదు.

క్యాంబెల్ తాను చూచిన బడులలో రెండు లోపముల నెన్నెను: చదువు పుస్తకముల స్వభావ మొకటి, తగిన ఉపాధ్యాయులు లేమి రెండవది. పిల్లలు అర్థము తెలియని పద్యములను పెక్కింటిని వల్లించుచుండిరి. అర్థము ఒజ్జకును అంతగా తెలియదు. అయితే బడులు తగ్గిపోవుటకు మూలకారణము అతడు వేఱొకచోట చూచెను. దేశము క్రమముగా బీదదగుచున్నదని, ఐరోపా వస్త్రములు వచ్చి నేతపనివారి జీవనము క్షీణించినదని, తల్లిదండ్రులు పిల్లల శ్రమను వదలుకొనలేకున్నారని ఒక కుంపిణీ యుద్యోగియే వ్రాసెను. ఈ పరిశీలనము ఆదవాని, ఎమ్మిగనూరులవంటి మగ్గముల సీమనుగూర్చినదని మఱవరాదు. పిల్లవాడు బడికి రాకుండుట వాని దుర్గుణము కాదని 1823లోనే తెలిసియుండెను.

మన్రో ఈ నివేదికలన్నింటిని కూర్చుకొని 1826 మార్చి 10వ తేదీన తన యభిప్రాయమును వ్రాసెను. రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఒజ్జకు నెలకు ఆఱేడు రూపాయలకంటె రాబడి లేదు గనుక తగినవారు ఈ వృత్తికి రారని, జిల్లా బడి యొజ్జకు 15 రూపాయలు, తాలూకా బడి యొజ్జకు 9 రూపాయలు సర్కారు ఇయ్యవలెనని, ముందుగా మద్రాసులో ఉపాధ్యాయులను తయారుచేయు బడి యొకటి పెట్టవలెనని అతని యాలోచన. తెలుగునాట ఉపాధ్యాయశిక్షణ చరిత్ర కిదియే తొలిపుట యనవచ్చును. మఱుసటి యేడు జూలై 6వ తేదీన ఈ సీమలోనే, పత్తికొండయందు, అతడు కలరాచేత మరణించెను. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి అతనితో సంభాషించెనను జనశ్రుతి ఇచ్చటివారికి తెలిసినంతగా, అతడు ఇచ్చటి బడుల లెక్క తీయించిన సంగతి తెలియదు.

మద్రాసులో నార్మల్ స్కూలు 1856లో గాని రాలేదు. రాజమహేంద్రవరపు ట్రెయినింగు కళాశాల మొదలైనవి తరువాతివి. ఈ సంస్థల చరిత్ర పలువురు వ్రాసినదే గనుక విస్తరింపను. మన విషయమునకు వలసిన దొక్కటే. ఈ శిక్షణములో 'తరగతి నిర్వహణము' అను నొక యధ్యాయ మెల్లప్పుడు నుండెను. ఒక ఉపాధ్యాయుడు, ఒక తరగతి, నలువదియైదు నిమిషములు - దానిలో నల్లరి లేకుండ పాఠ మెట్లు చెప్పవలెనన్నదే అందలి విషయము. తరగతి తలుపు వెలుపల, అనగా వరండాలో, నీటికుళాయికడ, భోజనపు బంతిలో, ఇంటికిపోవు దారిలో పిల్లల నడవడి యెవరి బాధ్యత యన్న ప్రశ్న ఆ యధ్యాయమున లేదు. అది ప్రధానోపాధ్యాయుని పని యందురు. ప్రధానోపాధ్యాయు డగుటకు ఉన్నతపాఠశాలలలో సాధారణముగా కావలసినవి సేవాకాలపు వరుస, గెజిటెడ్ ఆఫీసర్ల పరీక్ష, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల పరీక్ష. ఆ పరీక్షలలో నుండునవి సర్వీసు నియమములు, ఖజానా లెక్కలు. ఇవి యనవసరమని నే ననను; లెక్క తప్పిన ప్రధానోపాధ్యాయుని బాధ యెట్టిదో యెల్లరకు తెలిసినదే. కాని బడి నడవడిని నడుపు విద్య ఎవరికిని ఎప్పుడును నేర్పబడక, పాత ప్రధానోపాధ్యాయుని చూచి క్రొత్తవాడు నేర్చుకొనునట్టి గురుపరంపరగా మిగిలిపోయినది. ఆ పరంపరకు ఆయుధము బెత్తము.

బెత్తమును చట్టము తీసివేసినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1966 నాటి విద్యానియమావళియందలి 122వ నియమమును 2002 ఫిబ్రవరిలో మార్చి శారీరకదండనమును నిషేధించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, 17వ విభాగమున దేహదండనమునేగాక మానసికవేధనమునుగూడ నిషేధించినది. ప్రాథమికవిద్య ముగియువఱకు ఏ పిల్లవానిని బడినుండి వెడలగొట్టరాదని 16వ విభాగము చెప్పుచున్నది. ఈ నడుమ 2007లో కేంద్ర స్త్రీశిశుసంక్షేమశాఖ ప్రకటించిన పరిశీలనలో, బడికి పోవు పిల్లలలో ప్రతి ముగ్గురిలో నించుమించు ఇద్దఱు తాము దెబ్బలు తిన్నామని చెప్పిరి. కాబట్టి చట్టము వలసినదే. అయితే చట్ట మొక పనిని మానుమనగలదు. దాని స్థానమున నేమి చేయవలెనో నేర్పలేదు. వలదన్నది ఉత్తర్వుగా ప్రతి బడికిని చేరెను. చేయవలసినది శిక్షణగా చేరలేదు. ఫలితముగా ఉపాధ్యాయులలో రెండు తెగ లేర్పడినవి. చాటుగా పాతదారినే పోవువా రొక తెగ. ఏమి చేసినను తప్పేయని చేతులు ముడుచుకొన్నవారు రెండవ తెగ. రెండవ తెగవారిని నిందించుట సులభము. వారి చేతిలోని సాధనమును తీసికొని వేఱొకటి యీయనివారిని ఎవరును నిందింపరు.

ఇంగ్లండులో ఈ లోటును పూరించుటకు జరిగిన ప్రయత్నము మనకు కొంత పనికివచ్చును. అచ్చట ప్రభుత్వ పాఠశాలలలో దేహదండనము 1986 నాటి చట్టముచే రద్దయి, 1987 నుండి అమలులోనికి వచ్చినది. 2017లో టామ్ బెనెట్ అను నుపాధ్యాయుడు పాఠశాలలలో నడవడినిగూర్చి ప్రభుత్వమునకు నివేదిక నిచ్చెను; నడవడి తరగతికి సంబంధించినది మాత్రమే కాదని, బడి మొత్తమున నాయకులు బుద్ధిపూర్వకముగా నెలకొల్పవలసిన సంస్కృతి యని దాని సారము. 2021 శరత్కాలమునుండి 'నడవడికిని సంస్కృతికిని నాయకత్వము వహించుట' యను పేర జాతీయ వృత్తియోగ్యతాపత్ర మొకటి ఏర్పడినది. ఉద్యోగము చేయుచునే ఇంచుమించు ఒక సంవత్సరము దీనిని చదువుదురు. ప్రధానోపాధ్యాయులకే గాక, బడిలో ఈ బాధ్యతను స్వీకరించిన యే ఉపాధ్యాయునకైనను ఇది యుద్దిష్టము. ఇందలి విషయములు: బడి సంస్కృతి యెట్లు పుట్టును, నిత్యకృత్యములను పిల్లలకు పాఠమువలె ముందుగా ఎట్లు నేర్పవలెను, ఉపాధ్యాయులందఱును ఒకే మాటమీద నుండునట్లు ఎట్లు చేయవలెను, ప్రత్యేకమైన యిక్కట్లుగల పిల్లల నెట్లు కనిపెట్టవలెను, తోడి ఉపాధ్యాయులకు శిక్షణ మెట్లీయవలెను, చేయదలచిన మార్పును ఎట్లు అంచెలంచెలుగా అమలుజరుపవలెను. వీనిలో రెండవది నాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. వరుసలో నిలుచుట, గంట మ్రోగగానే పుస్తకము తీయుట, ఒకరు మాటలాడునప్పుడు వినుట - వీనిని పిల్లవాడు పుట్టుకతో తెచ్చుకొనడు. గుణింతమువలెనే చూపించి, చేయించి, దిద్దవలసినవి. గుణింతము తప్పినవానిని దుర్మార్గు డనము గదా.

ఆ దేశమున ఈ యుద్యమమునకు విమర్శకులును గలరు. మౌనముగా నడువవలసిన నడవలు, పిల్లవానిని వేఱుగదిలో కూర్చుండబెట్టుట మొదలగు పద్ధతులు క్రమముపేర పేదపిల్లలను, మనోవైకల్యముగల పిల్లలను బాధించుచున్నవని వారి వాదము. ఈ వాదము త్రోసిపుచ్చదగినది కాదు. క్రమమున్నంతమాత్రమున న్యాయముండదని మన 'శ్రీ - చుక్క' లెక్కయే చెప్పుచున్నది. కావున ఆ యోగ్యతాపత్రమును తెలిగించి మాధవరమున నంటించినచో ప్రయోజనము లేదు.

మన దేశమున ఏర్పాట్లు లేకపోలేదు. 1986 నాటి విద్యావిధానము ననుసరించి జిల్లా విద్యాశిక్షణసంస్థలు వచ్చినవి. కర్నూలు జిల్లా సంస్థ బి.తాండ్రపాడున నున్నది. 2012లో ఢిల్లీలోని జాతీయ విద్యాప్రణాళికా విశ్వవిద్యాలయమున పాఠశాల నాయకత్వ కేంద్రము వెలసినది. 2019 ఆగస్టులో 'నిష్ఠ' యను కార్యక్రమము మొదలై, మఱుసటి సంవత్సరము 'దీక్ష' యను తెరమీదికి మారినది. (ఈ రెండు పేర్లును ఆంగ్లపదముల మొదటి యక్షరములు కూర్చి పొదిగినవే యైనను, వ్రతపరిభాష యుట్టిపడుచున్నది, ఉపాధ్యాయుడు తాపసి కావలెనని మన పేరుపెట్టువారి గాఢవిశ్వాసము.) 2020 నాటి జాతీయ విద్యావిధానము ఉపాధ్యాయుడు ఏటేట 50 గంటలు శిక్షణము పొందవలెనని, ప్రధానోపాధ్యాయులకును నాయకత్వవిషయమున నట్టి యేర్పా టుండవలెనని చెప్పినది. గంటలున్నవి. ఆ గంటలలో నెవరి బడినిగూర్చి మాటలాడవలెనన్నదే ప్రశ్న.

ఆదవాని సీమ బడినిగూర్చి మాటలాడవలసినచో 'సుగ్గి'తో మొదలిడవలెను. కన్నడమున సుగ్గి యనగా కోతకాలము, పంటపండుగ. తుంగభద్ర కీవలిగట్టున ఆ మాటకు అర్థము వేఱైనది. వానకారు పంట ముగియగానే పనిలేక, కుటుంబములు మూటముల్లె కట్టుకొని గుంటూరు ప్రాంతమునకు ప్రత్తి తీయుటకు, మిరప కోయుటకు పోవుటయే ఇచ్చట సుగ్గి. మఱికొందఱు బెంగుళూరునకు కట్టడపుపనులకై పోవుదురు. ఒకచో పండుగపేరైన పదము పొరుగున వలసపేరగుటకంటె ఈ సీమ చరిత్రను సంగ్రహముగా చెప్పగలది లేదు. పెద్దలతోపాటు పిల్లలును పోవుదురు. కొందఱు పిల్లలను ముసలివారికడ విడిచిపోదురు. ప్రభుత్వము కొన్ని యూళ్ళలో ఈ పిల్లలకై ఋతువసతిగృహములు తెఱచుచున్నది. అవి యున్నచోట మేలే జరుగుచున్నది.

సుగ్గినుండి యొక పిల్లవాడు ఉగాదికి ముందో వెనుకో తిరిగివచ్చె ననుకొందము. మూడునాలుగు నెలలు వాడు పెద్దవారితో సమానముగా పనిచేసినాడు. కూలి లెక్క తెలిసికొన్నాడు. ఎప్పుడు లేవవలెనో యొకరు చెప్పవలసిన యవసరము లేనివాడైనాడు. బడికి వచ్చి పాతచోట కూర్చుండగా పాఠము ముందుకు పోయియున్నది. అర్థము కాలేదనుట కంటె అల్లరి చేయుట వానికి గౌరవముగా తోచును. ఉపాధ్యాయుడు 'ఇన్నాళ్ళు ఎక్కడ చచ్చినావురా' యనును, తరగతి నవ్వును. ఆ నవ్వుతో వాని చదువు ముగియవచ్చును. ఇందు బెత్తము లేదు. 17వ విభాగమున మానసికవేధన మను మాటకు లోబడుననుట వాదింపవలసిన విషయము. ఆ ఉపాధ్యాయుడు క్రూరుడు కాడు. వానిని చూచి సంతోషించియే యట్లనియుండును. మన యూళ్ళలో ఆప్యాయతయు నిట్లే మాటలాడును. కాని తిరిగివచ్చినవానిని తరగతి యెదుట ఎట్లు పిలువవలెను, ఎవరిప్రక్క కూర్చుండబెట్టవలెను, మొదటి వారమున వానికి చేయగల పని యేది యీయవలెను - ఈ మూడును ముందే నిశ్చయించుకొనదగినవి. వీనిని ఒక్క ఉపాధ్యాయుని మంచితనమునకు విడువక, బడి మొత్తము ఒక పద్ధతిగా పాటించినప్పుడే అది సంస్కృతి యనిపించుకొనును. క్యాంబెల్ చూచిన బడి, క్రొత్త పిల్లవానికొఱకు వాని యింటికి పోయెడిది. తిరిగివచ్చిన పిల్లవాని యింటికి ఇద్దఱు తోడివిద్యార్థులతో ఒక ఉపాధ్యాయుడు పోవుట అసాధ్యమా? తల్లిదండ్రులే నాలుగింట మూడువంతు లుండవలసిన పాఠశాల యాజమాన్యసంఘమును చట్టము 21వ విభాగమున నేర్పఱచినది. ఎవరు ఎప్పుడు సుగ్గికి పోవుదురో ఆ సంఘమునకు తెలియనిది లేదు. బడి దాని నడుగుట లేదు.

రెండవ విషయము భాష. 226, 235 అను పాత యంకెలను తలచుకొనవలెను. నేటికిని ఈ యంచున ఇంట కన్నడము, వీథిలో రెండును, బడిలో తెలుగు పలుకు పిల్లలు గలరు. కన్నడమాధ్యమపు పాఠశాలలును గలవు. నడవడికి సంబంధించిన మాటలు మిక్కిలి సూక్ష్మమైనవి. 'నువ్వు', 'మీరు' అను భేదము, 'రా', 'రండి' యను భేదము ఒక్కొక్క యింట నొక్కొక్క తీరున నుండును. ఏకవచనమున పిలిచిన పిల్లవానిని అమర్యాదస్థుడని కోస్తానుండి క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయు డనుకొనవచ్చును. ఆ యింట తండ్రినిగూడ నట్లే పిలుచుదురని యతనికి తెలియదు. 'మర్యాద' యనగా మూలమున పొలిమేర, గట్టు. ఎవరి గట్టు ఎక్కడనున్నదో తెలిసికొనక మర్యాద తప్పినదనుట తగదు. ఈ ప్రాంతమున ఉపాధ్యాయశిక్షణములో భాషావిభాగములు చేయదగిన పని యిచ్చటనే గలదు. విద్యాశాస్త్రజ్ఞులకు మాత్రమే దీనిని వదలివేయుట తగదని నా యభిప్రాయము.

ఇక శిక్షణ స్థల మేది? దూరనగరమున మూడుదినముల యుపన్యాసములవలనగాని, తెరమీది ప్రశ్నలకు మీట నొక్కుటవలనగాని నడవడి నడుపు విద్య యబ్బదు. సమీపపు బడుల ఉపాధ్యాయులు కూడు పాఠశాల సముదాయ సమావేశములు మనకు కలవు. అందు నెలకొక్క బడి తన నిత్యకృత్యములలో నొకదానిని చెప్పవలెను, ఇరుగుపొరుగు బడులవారు పోయి దానిని చూడవలెను, చూచినది వ్రాయవలెను. ఏడాదిలో పదింటిని చూచిన ఉపాధ్యాయుడు తన బడిలో నొకదానిని మార్చి, దాని ఫలితమును తోడివారికి చూపవలెను. బి.తాండ్రపాడు సంస్థవంటివి ఈ వ్రాతలను దిద్ది, కూర్చి, మరల బడులకు పంపవచ్చును. 50 గంటలు దీనికి చాలును.

మొదటి నెలకు పని యెంచుకొనుమన్నచో నేను ఉదయపు గంటనే యెంచుకొందును. బడి తలుపుకడ నొక ఉపాధ్యాయుడు ఆఱు దినములు నిలిచి, చివర వచ్చిన పదుగురి పేర్లు వ్రాయవలెను. ఎవరిని ఏమియు ననరాదు. ఏడవదినమున ఆ పట్టీతో వారివారి యిండ్లకు నడచిపోవలెను. ప్రతి పేరునకు ఎదుట మూడు గడులుండవలెను: ఇల్లు ఎంత దూరము, లేచినది మొదలు బడికి వచ్చులోపల ఆ పిల్లవాడు చేసిన పను లేవి, ఇంట పెద్దవా రెవరున్నారు. ఆ పట్టీ ఉపాధ్యాయుల కూటమిలో చదువబడిన పిమ్మటనే ఆలస్యమును గూర్చి ఆ బడి తన నియమమును వ్రాసికొనవలెను.